అన్నము పెట్టిన చేతులు

గృహస్థాశ్రమమే తక్కిన మూడు ఆశ్రమములకును ఆధారమని మన ధర్మశాస్త్రములు ముక్తకంఠమున చెప్పుచున్నవి. బ్రహ్మచారి భిక్షకు వచ్చునది గృహస్థుని వాకిటికే. సన్న్యాసి మధ్యాహ్నవేళ నిలుచునదియు ఆ వాకిటనే. పితృదేవతలకు తిలోదకము, అతిథికి ఆసనము, ఆవుకు గ్రాసము, కాకికి పిండము, అన్నియు ఆ యింటినుండియే రావలెను. శాస్త్రము ఈ ధర్మమునంతను గృహస్థుని పేర వ్రాసినది. కాని తెల్లవారకముందే లేచి ఆ యింట పొయ్యి వెలిగించునది గృహిణి. ఆమె చేయి ఆడనిదే ఏ ధర్మమును వాకిలి దాటదు.

గృహస్థుని యింట తెలియకయే హింస జరుగు చోట్లు ఐదని స్మృతికారులు లెక్కించిరి. అవి పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. పొయ్యిలోని కట్టెతోపాటు పురుగు మాడును. రోటిలో చీమ నలుగును. చీపురు క్రింద ఎన్ని ప్రాణులు పోవునో ఎవరెరుగుదురు? ఈ దోషపరిహారమునకే వేదాధ్యయనము, దేవతారాధనము, పితృతర్పణము, భూతబలి, అతిథిపూజ అను ఐదు మహాయజ్ఞములు విధింపబడినవి. ఇచ్చట గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ ఐదు చోట్లును స్త్రీ చేతిక్రిందనే యున్నవి. దోషము పుట్టు చోటనే దానికి పరిహారమును ఉన్నది. దంచిన చేయియే తొలి గుప్పెడు తీసి వేరుగా ఉంచినచో రోలు యజ్ఞవేదిక యగును. తన కడుపుకొరకే సాగు వంటయందు పాపమున్నదని శ్రీకృష్ణభగవానుడు గీత మూడవ అధ్యాయమున అర్జునుని హెచ్చరించెను. వంట ఒకటియే, పొయ్యి ఒకటియే. ఎవరికొరకు అను ప్రశ్నయొక్కటే బంధమును యజ్ఞముగ మార్చుచున్నది.

ఉత్తరాంధ్రమున ఒక రైతు ఇల్లాలి దినచర్యను చూడుడు. కోడి కూయకముందే లేచి వాకిట కళ్లాపి చల్లి ముగ్గు వేయును. పశువుల సాల ఊడ్చి, పేడ యెత్తి పిడకలు చరచును. బియ్యము కడిగిన నీటిలో తవుడు కలిపి ఆవులకు కుడితి పెట్టును. చోడి అంబలి కాచి తలపై నుంచుకొని పొలమునకు చేర్చును. వానకారున ఊడ్పులు, తరువాత కలుపు, చలి ముదిరిన తరువాత కోతలు, నూర్పులు. కళ్లమునుండి గింజలు ఇంటికి చేరినప్పుడు పురుషునకు కొంత విశ్రాంతి దొరకును. ఆమెకు అప్పుడే పని మొదలగును. ఎండబెట్టవలెను, దంచవలెను, చెరుగవలెను, గాదెకెత్తవలెను, మంచి గింజ ఏరి విత్తనమునకు దాచవలెను. రేపటి విత్తును నేటి ఆకలినుండి కాపాడునది ఆమెయే. వీని నడుమ కానుపులు, బిడ్డల జ్వరములు, అత్తమామల వార్ధక్యము, ఆడపిల్లల పెండ్లిండ్లు. ఇట్లు అరువది డెబ్బది యేండ్లు గడచిపోవును. భూమి పట్టాలో తరచుగా ఆమె పేరుండదు. పంట పండినప్పుడు రైతు పండించెనందురు.

ఇట్టి తల్లులు అనేకులు నేడు తమ పొలములకు దూరమున పట్టణములలో నున్నారు. అట్టి పట్టణములలో జంషెడ్‌పూరు ఒకటి. 1893లో స్వామి వివేకానందులతో ఒకే ఓడలో యోకొహామానుండి వాంకూవరుకు ప్రయాణించిన జంషెట్జీ టాటా సంకల్పించిన ఉక్కు కర్మాగారమునకై 1907లో కంపెనీ ఏర్పడినది. 1912లో అచ్చట ఉక్కు తయారైనది. 1919లో ఆ ఊరికి ఆయన పేర జంషెడ్‌పూరని నామకరణము జరిగినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి తెలుగువారు పనికై అక్కడకు తరలిపోయి, తరతరములుగా స్థిరపడిరి. నగరమునకు ఆవల, సువర్ణరేఖా నది కవతలి యొడ్డున, మాంగో అను పేట కలదు. వంతెన దాటి పనికి పోవువారు, వంతెన దాటి ఇంటికి మరలువారు. ఇండ్లపై ఇండ్లు కట్టిన వీధులు. తెలుగు కుటుంబములు బిష్టుపూరు, కదమా పేటలందువలెనే ఇచ్చటను కాపురమున్నవి.

ఊరిలో భర్త గతించిన పిమ్మట, పొలము కౌలుకిచ్చి, కొడుకు తల్లిని తన యొద్దకు తెచ్చుకొనును. కొడుకు చెడ్డవాడు కాడు. కోడలు అన్నమునకు లోపము చేయదు. ఐనను ఆ తల్లి మనస్సు నిలువదు. మీట త్రిప్పినంతనే మంట వచ్చును, పిడకలతో పని లేదు. రోలు లేదు. ఆవు లేదు. మజ్జిగకై చెంబు పట్టుకొని వచ్చు ఇరుగుపొరుగు లేరు. వీధిలోని మాట తెలియదు. “నీవు కూర్చో అమ్మా, నీకెందుకు శ్రమ?” అని కొడుకు ప్రేమతోనే అనును. ఆమె చెవికి మాత్రము ఆ మాట, నీతో పని తీరిపోయినదన్నట్లు వినబడును. అప్పుడామె లోలోపల తన్ను తానే ప్రశ్నించుకొనును. “జన్మమంతయు పొయ్యికడనే గడచిపోయినది. చదువుకొనలేదు. కాశికి పోలేదు. జపము నేర్వలేదు. కష్టపడి నిలుపుకొన్న పొలమును వదలి వచ్చితిని. ఇక నాకు మిగిలినదేమి?”

ఈ ప్రశ్న మాంగోలోని తల్లిది మాత్రమే కాదు. ఖడ్గపూరు, భిలాయి, ముంబయి, హైదరాబాదు నగరములలోను, సముద్రముల కవతలి దేశములలోను, కొడుకుల వెంట పోయిన తల్లు లెందరో దీనిని మోయుచున్నారు. ఓదార్పుమాటలు దీనికి సమాధానము కాజాలవు. ఆమె యడుగుచున్నది సత్యమును గూర్చి. జీవితమంతయు అన్నము వండి పెట్టిన స్త్రీ భగవంతుని మార్గమున నడచినట్లా, లేక మార్గము ప్రక్కన నిలిచిపోయినట్లా? ఇద్దరు రైతు ఇల్లాండ్ర జీవితములు దీనికి బదులు చెప్పుచున్నవి.

మొదటి యామె గోదావరి తీరమునకు చెందినది. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. చిన్ననాటనే తల్లిని కోల్పోయిరి. కోనసీమలోని లంకల గన్నవరమున వ్యవసాయము చేయు డొక్కా జోగన్నగారి యిల్లాలై అచ్చటనే కడవరకు జీవించి, 1909లో దేహము చాలించిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటికి ఆమెకు పదునొకండవ యేడు. ఆ తరువాత గోదావరి డెల్టాలో పంట పెరిగినది, గాదెలు నిండినవి. గాదెలు నిండిన ఇండ్లు అనేకములు. ఆకలి గొన్నవాడు వేళ చూడక తలుపు తట్టుటకు జంకని యిల్లు సీతమ్మగారిది. లంకసీమలో ప్రయాణమనగా పడవ ప్రయాణమే. పాయ దాటుట ఆలస్యమైన బాటసారి అర్ధరాత్రి వచ్చినను, వరద వెంట వచ్చినను, ఏ కులమువాడైనను, ఆమె లేచి వండి వడ్డించెడిది. అడిగినవారికి పెట్టుట దానము. అడుగకముందే వారికొరకు పొయ్యి ఆర్పకుండుట తపస్సు.

ఆ సీమలో నేటికిని చెప్పుకొను వృత్తాంత మొకటి కలదు. ఇల్లు కదలి ఎన్నడును ఎచ్చటికిని పోని సీతమ్మగారికి, సముద్ర సంగమమున వెలసిన అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని ఒక్కసారి దర్శింపవలెనను కోరిక కలిగినది. పల్లకిలో బయలుదేరినది. దారిలో బోయీలు విశ్రమించిన చోట మరియొక ప్రయాణికుల గుంపు దిగియుండెను. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలను పెద్దలు ఓదార్చుచుండిరి. ఇక కొంచెము దూరమే, గన్నవరము చేరినచో సీతమ్మతల్లి అన్నము పెట్టునని వారు పలికిన మాట ఆమె చెవిని బడినది. ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించినది. వారు చేరునప్పటికి ఆ యింట విస్తళ్లు సిద్ధమై యుండెను. స్వామిదర్శనము ఏమైనదని ఎవరైన అడుగవచ్చును. ఆ దారిలో ఆకలిగొని యేడ్చిన పిల్లల రూపమున స్వామియే ఎదురు వచ్చినాడని ఆమె గ్రహించినది. లేనిచో అంత సులభముగ వెనుకకు మరలి యుండదు.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున 1903లో ఢిల్లీలో జరిగిన దర్బారుకు ఆమెకు పిలుపు వచ్చినదనియు, ఆమె పోకపోగా అధికారులు ఆమె ఛాయాచిత్రమును తీయించి పంపిరనియు చెప్పుదురు. రాజు పిలిచినను పొయ్యికడనుండి కదలని స్త్రీ, ఆకలి పిలిచినప్పుడు దైవదర్శన మార్గమునుండియు మరలినది. ఆమె మనస్సు దేనికి లోబడియుండెనో ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన తెలియును. నేడు గన్నవరము వద్ద వైనతేయ పాయపై కాలువను దాటించు కొత్త అక్విడక్టు ఆమె పేరనే యున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరు పెట్టినది. చక్రవర్తులను పొగడిన పద్యములు మరుగునబడినవి. అన్నము పెట్టిన యిల్లాలి పేరు ఇంకను పిల్లల విస్తరియొద్ద పలుకబడుచున్నది.

రెండవ యామె ఇల్లు వంగదేశమున, బాంకురా జిల్లాలోని జయరాంబాటిలో నున్నది. మాంగోలోని తెలుగు తల్లికి తన శ్రీకాకుళము కంటె ఆ గ్రామమే మిక్కిలి దగ్గర. శ్రీ శారదామాతకు జన్మమిచ్చిన శ్యామసుందరీదేవి ఆమె. భర్త రామచంద్ర ముఖోపాధ్యాయులు కొద్దిపాటి పొలము గల పేద బ్రాహ్మణుడు. వరి పండించుకొని, పొలమున పత్తి వేసి, దాని నూలుతో యజ్ఞోపవీతములు వడికి, ఆ కుటుంబము బ్రదికినది. 1853లో పుట్టిన తొలిబిడ్డ శారదను పత్తిచేనిలో పరుండబెట్టి తల్లి పత్తి యేరెడిది. ఆ బిడ్డ పెరిగి తానును పత్తి యేరినది, కూలివారికి మరమరాలు మోసినది, మెడలోతు నీటిలో దిగి పశువులకు గడ్డి కోసినది. జగన్మాత ఆ తల్లి యొడిలో నేర్చిన తొలిపాఠము పొలము పనియే.

1864లో ఆ ప్రాంతమున కరవు వచ్చినది. పేదవాని ఇంట వెనుకటి యేటి ధాన్యము కొంత మిగిలి యుండెను. కరవులో ధాన్యము బంగారము. దాచుకొన్నచో ఇంటివారు తినవచ్చును, అమ్మినచో అప్పులు తీర్చుకొనవచ్చును. రామచంద్రుడు దానిని దంచించి, పప్పుతో కలిపి వండించి, వచ్చినవారికందరికిని పెట్టించెను. ఆకలికి తాళలేక వేడియన్నముపై బడువారికి, పదేండ్లు దాటిన శారద రెండుచేతులతో విసనకఱ్ఱ పట్టి చల్లార్చెను. ఆ వంట జరిగిన యిల్లు శ్యామసుందరీదేవిది. పిల్లల నోటికడ ముద్దను తీసి పరులకు పెట్టుట పురుషుని ఆజ్ఞతో మాత్రమే జరుగదు. ఇంటి తల్లి మనస్సు ఒప్పవలెను. ఆమె ఒప్పినది కనుకనే ఆ బిడ్డ చేతికి విసనకఱ్ఱ వచ్చినది.

1874లో భర్త గతించెను. పిల్లలు చిన్నవారు. శ్యామసుందరీదేవి ఊరిలోని కలవారి యింట వడ్లు దంచి వారిని పోషించినది. ఆ కాలమున ఊరిలో జరుగు కాళీపూజకు ఇంటింటను బియ్యము సిద్ధము చేసెడివారు. ఒక యేడు, పూజ జరిపించు పెద్ద ఏదో కక్ష మనస్సున పెట్టుకొని, ఆమె దంచి యుంచిన బియ్యమును స్వీకరింపలేదు. ఆమె రాత్రి యంతయు ఏడ్చెను. అమ్మవారికని దంచిన బియ్యమును ఇక ఎవరు తిందురని ఆమె దుఃఖము. తన మాట పోయినదని ఆమె వగవలేదు. ఆ రాత్రి ఎఱ్ఱని దేహకాంతి గల దేవి ఆమె వాకిట కాలుపై కాలు వేసికొని కూర్చుండి, ఆ బియ్యము తానే గైకొందునని పలికినది. ఆమెయే జగద్ధాత్రి. నాటినుండి ఆ యింట జగద్ధాత్రీపూజ ఆరంభమైనది. జయరాంబాటిలో నేటికిని అది జరుగుచున్నది. ఊరి పూజకు పనికిరాదన్న బియ్యమునకై దేవియే ఇల్లు వెదకికొని వచ్చినది. గుడికి పోవు దారిలో సీతమ్మగారికి స్వామి ఎదురు వచ్చినట్లే, పూజకు దూరము చేయబడిన శ్యామసుందరీదేవికి దేవి వాకిటికే వచ్చినది. ఎచ్చట ఒకరికొరకు అన్నము సిద్ధమగుచున్నదో అచ్చటికి భగవంతుడు రాక మానడు. ఈ ఇద్దరు ఇల్లాండ్ర జీవితములు చెప్పునది ఇదియే.

అయినచో ప్రతి రైతు ఇల్లాలును ముక్తురాలేనా? కాదు. పని మాత్రమే సాధనమైనచో కాడికి కట్టిన ఎద్దులును ముక్తి పొందవలెను. శ్రీరామకృష్ణ పరమహంస ఈ విషయమున ఊరి స్త్రీనే ఉదాహరణగా చూపెడివారు. అటుకులు దంచు స్త్రీ, కాలితో త్రొక్కగా లేచిపడు పెద్ద రోకలి క్రింద ఒక చేతితో వడ్లు ఎగదోయును. రెండవ చేతితో చంటిబిడ్డను పట్టి పాలిచ్చును. నోటితో బేరగానితో లెక్క మాటలాడును. కాని ఆమె మనస్సులో అధికభాగము రోకలిమీదనే యుండును, అది చేతిపై పడకూడదు గదా! సంసారమున పనులన్నియు అట్లే చేయుచు మనస్సును భగవంతునియందుంచవలెనని వారి బోధ. ఈ ఉపమానమును విన్న పండితుడు దాని అర్థమును తెలిసికొనును. దంచిన స్త్రీ తన చేతితోనే తెలిసికొనును. ఆమెకు నేర్పవలసినది ఏకాగ్రత కాదు, అది ఆమెకు ఏనాడో కలదు. ఆ ఏకాగ్రతను ఎవరికి అర్పింపవలెనో అదియొక్కటే తెలియవలెను.

అడ్డము వచ్చునది “నాది” అను ముడి. నా బిడ్డలు, నా గాదె, నా పొలము. శ్యామసుందరీదేవికిని ఇట్టి దుఃఖము లేకపోలేదు. వెఱ్ఱివానివంటి అల్లునికి బిడ్డ నిచ్చితిననియు, తన శారదను అమ్మాయని పిలుచు సంతానము కలుగదనియు ఆమె వాపోయినది. లెక్కకు మించిన బిడ్డలు ఆమెను అమ్మాయని పిలుతురని శ్రీరామకృష్ణులు చెప్పిరి. ఆ మాట నిజమైనది. 1906లో కన్నుమూయునాటికి శ్యామసుందరీదేవి తన పేదయింటికి దూరప్రాంతముల భక్తులు వచ్చి తన కుమార్తెను అమ్మాయని పిలుచుట చూచినది. వారికొరకు వస్తువులు కూడబెట్టి దాచి, తన సంసారము భగవంతునిది, భక్తులది అని భావించినది. ఒకనాడు తన బిడ్డకు బిడ్డలు లేరని యేడ్చిన కన్నులే, వచ్చినవారందరిని బిడ్డలుగ చూడ నేర్చినవి. తల్లి మనస్సు ఇట్లు విశాలమగుటయే మాతృత్వమునకు సిద్ధి.

ఇప్పుడు మాంగోలోని తల్లి ప్రశ్నకు బదులు చెప్పవచ్చును. ఆమె వదలి వచ్చినది పొలమును, గాదెను, రోటిని. అవి పనిముట్లు. ఆ పనిముట్లతో అరువది యేండ్లు తీర్చిదిద్దబడినది ఆమె హృదయము. పరుల ఆకలిని తన ఆకలికంటె ముందు గుర్తించు స్వభావము ఆమెతోకూడ రైలెక్కి వచ్చినది. దానిని కౌలుకిచ్చుట సాధ్యము కాదు. కాశికి పోయినవాడు ఈ స్వభావము లేక మరలవచ్చును. కాశికి పోని యామె దీనిని సంపాదించినది. ఇక ఆమె చేయవలసినది స్వల్పము. ఇంతకాలము అలవాటుగా చేసినదానిని ఎరుకతో అర్పించుటయే. భగవన్నామము జపించుటకు పుస్తకము అక్కరలేదు. చేట చెరుగు లయలో ఇమిడిన నామమును ఖాళీ చేతులతోను స్మరింపవచ్చును.

కొడుకులకును కోడండ్రకును ఇందు ధర్మమున్నది. తల్లి త్యాగమును పొగడి ఒక మూల కూర్చుండబెట్టుట సేవ కాదు. స్త్రీ శ్రమను స్తుతించుట, ఆ బరువును పంచుకొనకుండుటకు సాకు కారాదు. ముసలితనమున ఆమె భారమును తగ్గింపుడు, కాని ఆమె చేతినుండి పెట్టు భాగ్యమును లాగికొనకుడు. వండుటకు ముందు పిడికెడు బియ్యము వేరొక కుండలో వేయు ఆచారము మన దేశమున పలుచోట్ల కలదు. ఆ పిడికెడు ఆమె చేతితో వేయింపుడు. పిట్టగోడపై పక్షులకు నీరు, గింజలు ఆమె పెట్టుగాక. మనుమరాలిని మాత్రమే కాదు, మనుమని కూడ ప్రక్కన నిలుపుకొని, తొలి ముద్ద ఎవరిదో ఆమె నేర్పుగాక. కర్మాగారమున పని వెదకుచు ఒంటరిగ వచ్చిన యువకుడు, ప్రక్కయింటి అన్యభాషా బాలుడు, పండుగనాడు ఆ విస్తరిముందు కూర్చుండుగాక. ఆకలికి భాష అక్కరలేదు. అన్నము పెట్టు చేతికిని అక్కరలేదు.

మహాభారతమున, తపోగర్వితుడైన కౌశికుడు భిక్షకై నిలిచినప్పుడు, తన గృహధర్మము ముగించుకొని వచ్చిన ఒక ఇల్లాలు అతని గర్వమును కనిపెట్టి ధర్మవ్యాధునియొద్దకు పంపినది. అతడు అడవిలో సంపాదించినదానికంటె ఆమె వంటింటిలో సంపాదించినది అధికమైనది. వ్యాసభగవానుడు ఆమె పేరు చెప్పలేదు. చెప్పకుండుటయు తగియున్నది. ఆ పేరు ప్రతి యింటను ఒక్కొక్కరిది కావచ్చును.

అన్నపూర్ణయు, జగద్ధాత్రియు ఒక్క తల్లియే. అన్నము పెట్టుటయు, జగత్తును ధరించుటయు ఒక్క పనియే. ఆ పనిలో జీవితము గడపిన వృద్ధమాతలకు, చేతులు విశ్రమించు వేళ, తాము ఇంతకాలము ఎవరికి వడ్డించిరో తెలియు భాగ్యమును శ్రీ శారదామాత ప్రసాదించుగాక! వారి చేతి అన్నము తిని పెరిగినవారికి, ఆ చేతులను గుర్తించు కన్నులను ప్రసాదించుగాక!